మనింట్లో ఆదివారం ప్రార్థన

మార్తా,

తూర్పు ఆఫ్రికాలో మూడేళ్ల సువార్త పని ముగించుకుని ఈ ఆదివారం పొద్దున గోదావరిఖని చేరాను. ఓడ, రైలు, బస్సు అన్నీ కలిసి ఒంట్లో సత్తువ లేకుండా చేశాయి. నువ్వు పోయిన కబురు అక్కడ నాకు అందేసరికే నిన్ను సమాధి చేసి నెల దాటింది. మనం కాపురమున్న ఇంటికి తాళం వేసి ఉంటుందనుకున్నాను.

తలుపు తీసే ఉంది. చాపల మీద ఆడవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికులు కూర్చుని ఉన్నారు. ప్రార్థన నడిపిస్తున్న పక్కింటి పోశమ్మ లేచి నాకు బైబిలు అందించింది. తెరిచి, మళ్లీ మూసి ఆమె చేతికే తిరిగి ఇచ్చాను.

"కూసోండ్రి అయ్యగారు. మార్తక్క పోయినంక గూడ ఒక్క ఆదివారం ఆపలే. ఇయ్యాల మీరు ఊకె వినుండ్రి," అంది పోశమ్మ.

గోడకు చేరగిలబడ్డాను. ఆమె కళ్లు మూసుకుని, నువ్వు నేర్పిన మాటలతోనే అందరి కోసం దేవుణ్ణి అడిగింది. చివర్లో అలవాటు కొద్దీ, "దూరదేశం పోయిన మా అయ్యగారిని సల్లంగ ఇంటికి తోలుకరా ప్రభువా," అంది.

ఎవరూ నవ్వలేదు. పోశమ్మ కళ్లు తెరవకముందే, అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను.