సున్నా చుట్టే చెయ్యి

మావయ్యకు నమస్కారాలు.

బోర్డులు రాసే షాపులో నా ఉద్యోగం ఊడేలా ఉంది. దారం కట్టకుండా, కుంచె ఎత్తకుండా గుండ్రటి సున్నా చుట్టాలట. నెలాఖరులోగా రాకపోతే ఇంటికి పొమ్మన్నాడు మేస్త్రీ. నేనేమో సగం చుట్టి, ఎలా వచ్చిందా అని ఆగి చూస్తాను. ఈ పాడలవాటు వదలడం లేదు. నువ్వు నలభై ఏళ్ళుగా గోడల మీద చుట్టేస్తున్నావు కదా, ముందు భుజం కదుపుతావా, మణికట్టా? ఊపిరి పీలుస్తావా, వదులుతావా? వివరంగా రాయి.

నీ మేనకోడలు

తా.క. నిన్న నా సున్నా చూసి ఒకాయన లోపలికొచ్చి కోడిగుడ్లు అడిగాడు.

* * *

అమ్మడికి ఆశీస్సులు.

నేనెప్పుడూ గమనించలేదే! నీకోసమని ఇవాళ సైకిల్ షాపు గోడ మీద చక్రం గీస్తూ నా చేతినే చూశాను. ముందు భుజం... కాదు, మోచెయ్యి... చూస్తుండగానే కుంచె ఆగిపోయింది. నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

మావయ్య

తా.క. చక్రం వంకాయలా వచ్చింది. "ఈ సైకిల్ ఎవరు తొక్కుతారండీ?" అంటున్నాడు షాపు ఓనరు. మీ అత్తయ్యకు చెప్పకు.

* * *

మావయ్యకు,

చెప్పడం ఇష్టం లేకపోతే లేదని రాయొచ్చుగా! సొంత మేనకోడలి దగ్గరా పనిగుట్టు దాచడం? పోనీ, కుంచె మీద ఏ వేలు ముందు నొక్కుతావో అదైనా చెప్పు.

అలిగిన మేనకోడలు

తా.క. వంకాయ సంగతి అత్తయ్యకు రాసేశాను.

* * *

ఓసి గడుగ్గాయీ!

గుట్టా, గాడిదగుడ్డా! నా చెయ్యే పోయిందే! ఇన్ని రోజులుగా ఒక్క చక్రం కుదరలేదు. టీ గ్లాసు ఎత్తినా ఏ వేలు ముందు అని చూసుకుంటున్నాను, చొక్కా నిండా టీ. వచ్చే వారానికి గోడ పూర్తికాకపోతే షాపు ఓనరు వేరేవాణ్ణి పెట్టుకుంటాడట. ఈ వయసులో నాకింకేం పని చేతనవునే? కోపంతో ఈ ఒక్క పేజీ రాయడానికే గంట పట్టింది. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

నీ మావయ్య

తా.క. వెంటనే జవాబు రాయి.

* * *

మావయ్యకు కోటి దండాలు.

నీ ఉత్తరం దీనితోపాటే తిప్పి పంపుతున్నాను. అంచు చూడు. ఆ గంటసేపూ నన్ను తిడుతూ పెన్నుతో ఏం చేశావో తెలుసా? పదకొండు సున్నాలు చుట్టావు! మేస్త్రీ కంపాస్ పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు మావయ్యా! నీకే తెలియకుండా లోపల ఎవరో కూర్చుని నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నారు.

"రాయకంటాడా!" అని నిన్ను మనసులో కడిగేస్తూ నేనూ గోడ ముందు నిలబడ్డాను. కోపం చల్లారేసరికి సున్నా పూర్తయి ఉంది. మధ్యలో ఆగి చూడటమే మర్చిపోయాను. ఉద్యోగం నిలిచింది.

నీ మేనకోడలు

తా.క. రేపు గోడ దగ్గరికి అత్తయ్యను తీసుకెళ్ళి పోట్లాట పెట్టుకో. నోరు ఆ పనిలో ఉంటే, చెయ్యి తన పని తను చూసుకుంటుంది.