లెక్క పలికే గొంతు

అన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కొడకండ్లలో మన జొన్నల దుకాణంలో కొలిచేది నేను, ఒకటికి బదులు లాభమంటూ ‘లాభం, రెండు, మూడు’ అని గట్టిగా పలికేది నువ్వు. ఇప్పుడు రెండూ నేనే. ఏ మాట ఎవరి చెవిన పడుతుందోనని గిరాకీలతో మాట్లాడడమే మానేశాను.

పొద్దున, అడవిలోని దళానికి జొన్నలు మోసే ఎల్లమ్మ వచ్చింది. ముందు బల్ల మీద పోలీసు అటు తిరిగి కూర్చున్నాడు, చెవి మాత్రం ఇటే. ఎన్ని మానికలో అతనికి తెలియకూడదని నోరు మూసుకుని కొలిచాను.

“లెక్క పలుకుతలేవేంది?” అన్నాడు, తిరక్కుండానే.

“పలికెటోడు మా అన్న, సాబ్. సచ్చిపోయిండు.”

ఎల్లమ్మ మూట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

నువ్వు లేవని నేను నోరు విప్పి చెప్పుకున్న మొదటి మనిషి, ఆ పోలీసే.