సింకు కింద పట్టే కెమెరా

బాబాయ్, కెమెరా కొన్నానని కంగారుపడకు, నీ దగ్గర నేర్చిన పైపుల పని మానలేదు. కొట్టాయన "పెళ్ళిళ్ళకా అమ్మా?" అంటూ పెద్దవన్నీ ముందు పరిచాడు. "సింకుల కిందకి" అన్నాను. ఒక్కోటీ పట్టుకుని వాళ్ళ సింకు కిందే పడుకుని చూశాను. పెద్దవాటితో తల దూరితే చెయ్యి దూరదు. లెన్సు మార్చుకునే చిన్నదొకటి మాత్రం, రెండో చేతిలో టార్చి ఉన్నా చెప్పినట్టు విన్నది. పనిలో పనిగా కారుతున్న వాళ్ళ జాయింటు కూడా బిగించి లేచాను. కెమెరా సంచి ఊరికే ఇచ్చాడు.

నడుముకి బెల్టు పెట్టుకుంటున్నావా? నీ పొట్టి పానా ఎవరికీ ఇవ్వకు, నాక్కావాలి. పిన్నికి నమస్కారాలు.

నువ్విక వంగలేవు కాబట్టి నా ప్రతి జాయింటూ ఫోటో తీసి పంపుతాను, కుర్చీలో కూర్చునే తిట్టు. నువ్వు తిట్టని జాయింటు మీద నాకు నమ్మకం కుదరడం లేదు.

నీ అన్న కూతురు