సొంత మాటల్లో రాయండి

అక్కా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "అందరం బాగున్నాం" అని పెట్టేస్తున్నాను. అది అబద్ధం. నోటితో చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను.

పాపని తొమ్మిదో తరగతిలో అంతర్జాతీయ సిలబస్ బడికి మార్చాం కదా. మీ మరిది ఉద్యోగం మూడేళ్లకో ఊరు. ఎక్కడికెళ్లినా ఆ చదువు తెగకుండా సాగుతుందని ఆయన పట్టుబట్టారు. నాకు ఇష్టం లేదు. పద్దెనిమిదేళ్లుగా మన సిలబస్ బళ్లలో సాంఘికశాస్త్రం చెబుతున్నదాన్ని.

అంతకుముందు పాప నా క్లాసులోనే చదివింది. పుస్తకంలో వాక్యం పొల్లుపోకుండా రాస్తే పూర్తి మార్కులు వేసేదాన్ని. సొంత మాటలు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, "పేపరు దిద్దేవాళ్లకి నీ తెలివి అక్కర్లేదే, పుస్తకంలో ఉన్నది కావాలి" అనేదాన్ని. అది తప్పని ఏనాడూ అనుకోలేదు. అలా చదివినవాళ్లే పెద్ద పరీక్షల్లో నెగ్గి డాక్టర్లయ్యారు, ఇంజినీర్లయ్యారు.

ఈ కొత్త బడిలో పదో తరగతిలో చరిత్ర వ్యాసం రాయాలి. రెండు నెలల పని. ఆ మార్కులు చివరి పరీక్షలో కలుస్తాయి. పాప లైబ్రరీ నుంచి నాలుగు పుస్తకాలు తెచ్చి, మంచి మంచి పేరాలు ఏరి కుదురుగా రాసింది. ఏది ఎక్కడిదో మాత్రం రాయలేదు. నాకు చూపిస్తే "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. దాన్ని దొంగతనం అన్నారక్కా. వ్యాసం రద్దు చేశారు.

నన్నూ పిలిచారు. గాజు తలుపుల గది. బల్ల మీద పాప వ్యాసం, దాదాపు ప్రతి వాక్యం కిందా పసుపు గీత. చరిత్ర విభాగం చూసే మేడమ్ మెత్తగానే అడిగింది, "ఇలా రాయమని ఎవరైనా చెప్పారా?" అని.

పాప నా వైపు చూసింది. తర్వాత, "ఎవరూ చెప్పలేదు మేడమ్. నేనే రాశాను" అంది.

నేను నోరు మెదపలేదు. నేనూ టీచర్నని ఆవిడకి తెలుసు. పరువు అడ్డొచ్చింది.

అప్పటినుంచి అన్నానికి పిలిస్తే వస్తుంది, అడిగితే చెబుతుంది. అంతకుమించి నాతో మాటల్లేవు. దాన్ని మళ్లీ మా బడికే తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను. దరఖాస్తు కూడా తెచ్చాను. మీ మరిదికి ఇంకా చెప్పలేదు.

నీ చెల్లి


అక్కా,

"నువ్వు పిల్లని కాపాడుకుంటున్నావా, నిన్ను నువ్వు దాచుకుంటున్నావా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను.

దరఖాస్తు పాప ముందు పెట్టాను. చదివి, "అక్కడికొస్తే మళ్లీ ఫస్టొస్తాను, నాకు తెలుసు" అంది.

"మరింకేం?"

"ఇక్కడ అందరూ నన్ను దొంగనుకుంటున్నారమ్మా. వెళ్లిపోతే, పారిపోయిందంటారు."

మర్నాడు సెలవు పెట్టి ఆ మేడమ్ దగ్గరికి వెళ్లాను. కూర్చోకుండానే చెప్పేశాను. "అలా రాయడం నేర్పింది నేనే. ఆ రోజు చెప్పలేకపోయాను." ఆవిడ కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చింది. "చెప్పినందుకు సంతోషం. కానీ నిర్ణయం మారదండీ. వచ్చే ఏడు మళ్లీ రాసుకోవచ్చు" అంది. అంటే పాపకి ఏడాది పోయినట్టే.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "ఇప్పుడు చెప్పావా?" అంది, అంతే. ఏడాది పోయినా అక్కడే చదువుతానని వాళ్ల నాన్నతో తనే చెప్పుకుంది.

నిన్న మా బడి పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్ల జవాబంతా సొంతంగా రాసింది. బాగుంది కూడా. కాసేపు పెన్ను ఆగింది. చివరికి మార్కులు కోసేశాను. రేపు పెద్ద పరీక్షలో ఆ పిల్ల పేపరు దిద్దేవాళ్లు నాలాంటివాళ్లే కదా.

ఈ సాయంత్రం పాప తనంతట తనే నా దగ్గరికొచ్చింది. కొత్త వ్యాసానికి ప్రశ్న ఎంచుకుందట. కరువు కాలంలో సగం జనం ఊళ్లు వదిలిపోతే, మిగతావాళ్లు ఎందుకు ఉండిపోయారని. "నువ్వేమనుకుంటున్నావు?" అనడిగింది. ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పుస్తకంలోని అయిదు కారణాలూ నాలుక చివరే ఉన్నాయి. అందులో నేను అనుకున్నది ఒక్కటీ లేదు.

"నాకు తెలీదే" అన్నాను.

"నాకూ తెలీదు. కనుక్కుంటాను."

"రాశాక చూపిస్తావా?"

"చూపించనమ్మా."

కోపంగా అనలేదక్కా, మామూలుగానే అంది. సరేనన్నాను.

చెల్లి