గుడారాల దగ్గర ఎలుగు కథ

నవంబరు

అక్కా,

నువ్వూ, నీ దగ్గరున్న నా సోనీ బాగున్నారనుకుంటాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మా ఊళ్లో సిగ్నల్ అందేది కొండమీద టూరిస్టుల గుడారాల దగ్గరే. అక్కడికి వెళ్లడం నాకిష్టం లేదు. పైగా మనం మాట్లాడుకుంటుంటే పక్కనుంచి సోని వింటుంది. ఇది చదివి నువ్వు వండే హాస్టల్ పొయ్యిలో పడెయ్.

సోనిని చదువుకోసమే సీతంపేట నీ దగ్గరికి పంపానని అన్నాను. అది నిజం కాదక్కా. మీ మరిది సోంబరు ముఖానికి కట్టు విప్పిన రోజు సోని తండ్రిని చూసి వాంతి చేసుకుంది. ఆ తర్వాత ఎంత పిలిచినా దగ్గరికి రాలేదు. అతను తువ్వాలు ముఖానికి చుట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఇప్పుడు నా ముందు కూడా తియ్యడు. అన్నం అటు తిరిగి తింటాడు.

ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. లంబసింగిలో రద్దీ పెరిగాక మబ్బులు చూసేవాళ్లు మా కొండకి కూడా రావడం మొదలుపెట్టారు. వరహాలరావుగారు వాళ్లకి అద్దెకివ్వడానికి గుడారాలు వేశారు. మిగిలిన బిర్యానీ వెనక గోతిలో పారేస్తుంటే ఎలుగు దానికి అలవాటుపడింది. ఆ పొద్దున దాని పిల్ల ఒక్కటే గోతి దగ్గరుంది. ఒక అబ్బాయి వీడియో తీయడానికి దాని వెనక పరిగెత్తాడు. వాళ్లకి కొండదారి చూపించే పనిలో ఉన్న సోంబరు "బాబూ, తల్లి ఇక్కడే ఉంటాది, వచ్చేయ్" అని అరుస్తూ వెళ్లి అతణ్ని వెనక్కి లాగాడు. అప్పటికే తల్లి పొదలోంచి వచ్చి సోంబరు మీద పడింది. ఆ అబ్బాయికి గీత కూడా పడలేదు. మళ్లీ ఇటు తొంగిచూడనూ లేదు.

సోంబరుకి ఒక కన్ను పోయింది. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. కాఫీ పళ్లు కొయ్యలేడు, కత్తి పట్టలేడు. అలాంటప్పుడు వరహాలరావుగారు ఇంటికొచ్చి పని ఇస్తానన్నారు. ఏం పనో తెలుసా? సాయంత్రం నెగడు దగ్గర కూర్చుని ఎలుగుతో ఎలా పోరాడాడో చెప్పడం, చివర్లో తువ్వాలు తీసి చూపించడం. సోంబరు సరే అన్నాడు. నేను వద్దని ఏడ్చాను. "ఇంకేటి సెయ్యగలను భానూ?" అన్నాడు.

నీ చెల్లి
భానుశ్రీ

డిసెంబరు

అక్కా,

నీ జాబు అందింది. వంటగదిలో మనిషి కావాలన్నావు కదా, నేను వచ్చేస్తాను. సోంబరు రానంటున్నాడు. వెళ్లమని నన్నే తొందరపెడుతున్నాడు.

నిన్న అతన్ని తీసుకొచ్చేద్దామని గుడారాల దగ్గరికి వెళ్లాను. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని చుట్టూ కూర్చున్నారు. సోంబరు ఉన్నదున్నట్టు చెబుతున్నాడు. "అది తల్లి అమ్మా. పిల్ల కోసం వచ్చింది. నాను అడ్డం పడ్డాను. దానికీ నాకూ పగేటి?" ఒకామె ఆవులించింది. వరహాలరావుగారు వెనకనుంచి, "గొడ్డలెత్తి ఎలా కొట్టావో అది సెప్పరా!" అన్నారు. గొడ్డలి ఎక్కడిదక్కా, ఆ రోజు అతని చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. సోంబరు, "నాకాడ గొడ్డలి లేదు" అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత తువ్వాలు తీశాడు. అప్పుడు మాత్రం అందరూ ముందుకు జరిగారు.

అది చూశాక ఇక ఇక్కడ ఉండలేననిపించింది. కాఫీ కోతలు అవగానే బయల్దేరతాను. సోనికి చెప్పు.

నీ భాను

జనవరి

అక్కా,

నా కోసం ఎదురు చూడకు. ఆ పనిలో ఇంకొకరిని పెట్టుకో.

పోయిన వారం ఆ తల్లి ఎలుగు చచ్చిపోయింది. అడవి పందుల కోసం ఎవరో కట్టిన ఉచ్చు తీగ దాని మెడకి బిగుసుకుంది. పిల్ల దాని చుట్టూ తిరుగుతూ ఒకటే ఏడుపు. వరహాలరావుగారు సోంబరుని వెంటబెట్టుకెళ్లి, దానిమీద కాలు పెట్టి నిలబడమన్నారట, ఫోటోకి. సోంబరు దాని పక్కన చతికిలబడ్డాడు. మెడలోంచి తీగ తీయబోతే ముడుచుకున్న వేళ్లతో రాలేదు. అడవిశాఖవాళ్లు వచ్చి పిల్లని వలలో పట్టుకుపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చాక మాట పోయింది. పిలిస్తే పలకడు, తినిపిస్తేనే తింటాడు. పొద్దువాలితే మాత్రం లేచి గుడారాలకి నడుస్తాడు. ఎందుకు వెళ్తాడో నాకు తెలియదు.

నాలుగు రోజుల కిందట వెనకాలే వెళ్లాను. జనం కాచుకుని ఉన్నారు. ఇతను నోరు తెరవడు. "ఏటమ్మా అలా సూస్తావు? నువ్వైనా బేగి సెప్పు, ఆళ్లు ఎంతో దూరాన్నించి వచ్చినోళ్లు" అన్నారు వరహాలరావుగారు. సరే, నిజం చెప్పేసి ఇతన్ని తీసుకుపోదామనుకున్నాను. "అది తల్లి" అనే మొదలుపెట్టాను. పిల్ల గురించి, గోతి గురించి, వీడియో తీసిన అబ్బాయి గురించి చెప్పాను. ఒక్కొక్కరే ఫోన్లు దించేశారు. ఇద్దరు లేచి వెళ్లిపోతున్నారు. అప్పుడేమైందో తెలియదక్కా, "నా మొగుడు గొడ్డలెత్తాడు" అన్నాను. వెళ్లేవాళ్లు ఆగారు. ఎలుగు మీదికి దూకిందన్నాను, ఇతను దాని గొంతు పట్టుకున్నాడన్నాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో అన్నీ నాకు వచ్చేశాయి.

నేను ఆపగానే సోంబరు తనంతట తానే తువ్వాలు తీశాడు. కానీ వాళ్లవైపు తిరగలేదు. నావైపు తిరిగాడు. ఇంట్లో ఇన్ని నెలలు నాకు చూపించని ముఖాన్ని, నేనూ చూడ్డానికి వచ్చినదాన్నే అన్నట్టు, కదలకుండా చూపించాడు.

ఆ రోజు నుంచి రోజూ ఆ గొడ్డలి కథ నేనే చెబుతున్నాను. రేపు ఆదివారం, జనం ఎక్కువ వస్తారు. వేసవి సెలవులకి సోనిని ఇక్కడికి పంపకు. నేను బాగున్నానని చెప్పు.

భానుశ్రీ