ఇంకో అరగంట

మా బొంగరానికి అమ్మ ఆశీస్సులు.

నొప్పి ఎంతదాకా వస్తే మనిషి మాత్ర వేసుకోవచ్చు? పదిహేనేళ్ల వయసు నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఓర్చుకోలేనంత వస్తే అంటారు. ఓర్చుకోలేనంత అంటే ఎంత అని మళ్లీ అడగాలి కదా, అక్కడ ఆగిపోయేదాన్ని.

ఉత్తరం ఇలా మొదలుపెట్టిందేమిటా అని కంగారుపడకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మమ్మ మోకాలు మాత్రం కులాసాగా లేదు, దాన్ని అందరిలో కలపొద్దని ఆవిడే చెప్పింది. నాన్న వంటగది కుళాయి బాగుచేశారు. ఇదివరకు చుక్కలు కారేవి, ఇప్పుడు ధారే. నువ్వు బాగున్నావనీ, హాస్టల్లో మూతపడని ఆ కిటికీని ఎవరో బిగించారనీ అనుకుంటున్నాను. ఎవరో ఏమిటిలే, నువ్వే బిగించి ఉంటావు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఎప్పటిలాగే లిఫ్టు కంపెనీ జాబ్ షీట్ల వెనకవైపు రాశావు. ముందువైపు 'తలుపు సెన్సర్ శుభ్రం చేయబడినది, బ్రేకు లైనింగ్ మార్చబడినది' అని బుద్ధిగా, వరుసగా నీ రాతే. వెనకవైపు అదే చెయ్యి, పగ్గాల్లేకుండా. భోజనాల బల్ల దగ్గర నాన్న రెండువైపులా పైకి చదివారు. బ్రేకు లైనింగ్‌ని కూడా వదల్లేదు. పనిలో చేరి తొమ్మిది నెలలు కాకముందే బ్రేకులు నీ చేతికి ఇస్తున్నారంటే మాటలా అని, అమ్మమ్మకు లిఫ్టు బ్రేకు ఎలా పట్టుకుంటుందో రెండు గరిటెలతో చూపించారు. ఆయనకూ తెలియదనుకో.

నువ్వు రాసిన ఆ తొమ్మిదో అంతస్తు సంగతి మాత్రం మూడుసార్లు చదివించుకున్నాం. లిఫ్టు పైనున్న మోటారు గదికి వెళ్లే ముందు మెట్ల మీద కూర్చుని, రెండు రొట్టె ముక్కలూ ఒక అరటిపండూ తిని, నువ్వు మాత్ర వేసుకోవడం మీ సీనియర్ మెకానిక్ చూశారు. ఒంట్లో బాలేదా అని అడిగారు. ఇప్పుడు బాగానే ఉంది, మధ్యాహ్నానికి నెలసరి నొప్పి వస్తుంది, అందుకని ఇప్పుడే వేసుకుంటున్నా అన్నావు. ఆయన ఊరుకోలేదు.

"రాని నొప్పికి మందేంటమ్మాయ్? వచ్చేవారం జ్వరమొస్తుందేమోనని ఇవాళే దుప్పటి కప్పుకుంటావా?"

"తాడు తెగాక మారుద్దాంలే అనే లిఫ్టులో మీ పిల్లల్ని ఎక్కిస్తారా సార్?"

ఆ మాట చదివినప్పుడు నాన్నకు టీ ముక్కులోకి పోయింది. నేనైతే ఇంకా ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. అంతకంటే నాకు నచ్చింది ఆ తరవాతది. మరుసటి నెల ఆయనే వచ్చి, నీ నెలవారీ సర్వీసు తేదీ ఎప్పుడో చెబితే ఆ రోజు పై గది పని వేయనన్నారనీ, నువ్వు "వేయండి సార్, మాత్ర వేసుకుంటే ఎక్కగలను. వేసుకున్నా ఎక్కలేని రోజు నేనే చెబుతా" అన్నావనీ రాశావు. నీ వయసులో నేను ఈ నొప్పికి తలనొప్పని పేరు పెట్టేదాన్ని. విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదువుతున్నదాన్ని, ప్రాచీన కావ్యాల్లో స్త్రీ గురించి ఇరవై పేజీల వ్యాసం రాసినదాన్ని, పొత్తికడుపు అనే మాట ఒక్క మగ మాస్టారి ముందు పలకలేక రెండు సెమినార్లు మానుకున్నాను. నువ్వు నూనె మరకల చేతులతో, పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని, ఏ పేరూ మార్చకుండా చెప్పావు. నా కూతురివని చెప్పుకోవడానికి నాకేం అర్హత ఉందా అనిపిస్తుంది. అయినా చెప్పుకుంటున్నాను. సోమవారం ఆఫీసుకు నీ ఉత్తరం తీసుకెళ్లాను. మా ప్రూఫు గదిలో నలుగురం ఆడవాళ్లం. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం అచ్చుకు వెళ్లాల్సిన రోజది. పని ఆపి విన్నారు. ఎదురు బల్లావిడ తన సొరుగు తెరిచి, మాత్రల స్ట్రిప్పును అడుగు నుంచి తీసి పైన పెట్టుకుంది.

అమ్మమ్మ సంగతి చెప్పాలి. నాన్న చదవడం అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుంది. తరవాత మెల్లిగా, "ముందే వేసుకుంటే నిజంగానే రాదంటావా?" అని అడిగింది. పూర్తిగా రాకపోవడమని కాదు, బాగా తగ్గుతుందట అన్నాను. "నాకిప్పుడెందుకులే, ఊరికే అడిగా" అంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. నలుగురు పిల్లల్ని ఒక్క మాత్ర లేకుండా కన్నానని రోజూ చెప్పే మనిషి, ఆ రోజు చెప్పలేదు.

ఇక నీ ప్రశ్నలు. అమ్మమ్మ మోకాలికి బెల్టు కొన్నాం, దాన్ని కుర్చీకి తొడిగింది. నీ నీలం వానకోటు దొరికింది, అటక మీద నాన్న గొడుగుల్లో కలిసిపోయింది, వచ్చేవారం పంపుతాను. నాకు తలనొప్పి వస్తే ఇంకా అరగంట చూద్దామంటున్నానా అని అడిగావు. అంటున్నాను. నిన్న గంటన్నర చూశాను. నవ్వకు.

నాలుగో ప్రశ్న మిగిలింది. దాన్ని దాటేసి ఈ ఉత్తరాన్ని రెండుసార్లు రాసి చింపాను.

నువ్వు మామూలుగానే అడిగావు. అక్కడి డాక్టరు ఇచ్చిన మాత్ర ఇంట్లో వాడినదేనట. పేరు అదే. కానీ అక్కడ పనిచేస్తోంది. 'ఇక్కడ మాత్ర కొంచెం పెద్దదిగా ఉందమ్మా, కంపెనీ తేడానా? లేక ఇక్కడి నీళ్ల మహిమా?' అని రాశావు. పదిహేడేళ్లప్పటి ఆపరేషన్ తరవాత నొప్పే తగ్గింది, అందుకే మాత్ర పనిచేస్తోంది అని నేను రాసెయ్యొచ్చు. అందులో కొంత నిజం కూడా ఉంది. నువ్వు నమ్ముతావు కూడా. ఫోనులో అయితే అదే చెప్పేసేదాన్నేమో. అందుకే ఫోను చేయకుండా కాగితం ముందు కూర్చున్నాను.

ఆ మాత్ర పెద్దదే, తల్లీ. అది ఐదువందల మిల్లీగ్రాములది. నీకు పదిహేనేళ్లప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిందీ ఐదువందలదే. నొప్పి మొదలవుతుందనగానే, ఏదైనా తిన్నాక ఒకటి, అలా రోజుకు మూడు, మూడు రోజులు. నేను మందుల షాపులో నిలబడి రెండువందల యాభైది ఇవ్వమన్నాను. చీటీలో ఐదువందలుందండీ అన్నాడతను. పరవాలేదు, చిన్నపిల్ల అన్నాను. ఇంటికొచ్చి స్ట్రిప్పుల్లోంచి ఒలిచి, ఖాళీ కోల్డ్‌క్రీము డబ్బాలో వేశాను. నీకు ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది, తెల్ల మూతది. అందులోంచి లెక్కగా నేనే తీసిచ్చేదాన్ని. అదీ నువ్వు అడగగానే కాదు. ఇంకో అరగంట చూద్దాం అనేదాన్ని. ఆ అరగంట అయ్యాక ఇంకోటి. నువ్వు స్నానాలగది గచ్చు మీద ముడుచుకుని పడుకుంటే, తలుపు బయట నేను గడియారం చూస్తూ నిలబడేదాన్ని. రెండేళ్లు అలా జరిగింది.

ఎందుకంటే చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. మా మేనత్త మోకాళ్ల నొప్పులకి ఈ జాతి మాత్రలే పరగడుపున, ఎవరినీ అడక్కుండా, ఏళ్ల తరబడి మింగింది. కడుపులో పుండు పడి, రక్తం పోయి ఆస్పత్రిలో పడితే పక్కన కూర్చున్నది నేను. ఆ వార్డు వాసన నీ మందుల చీటీలోంచి వచ్చింది నాకు. ఆవిడది తినకుండా, లెక్కలేకుండా వాడటం. నీది తిన్నాక, నెలకు మూడు రోజులు. ఆ తేడా డాక్టరమ్మను ఒక్కమాట అడిగితే తెలిసేది. అడగలేదు. ఇంకా నిజం చెప్పాలంటే భయమొక్కటే కాదు. నేను ఓర్చుకున్నాను కదా, ఈ పిల్లా ఓర్చుకోవడం నేర్చుకోవాలి అని లోపల ఎక్కడో ఉంది. ఆ మాట రాయడానికి పొద్దుట్నుంచి పట్టింది.

మొన్న నీ ఉత్తరంలో మీ డాక్టరు చెప్పింది నువ్వు నీ భాషలో రాశావు. నొప్పిని పుట్టించే సరుకు ఒంట్లో తయారవుతుందనీ, మాత్ర ఆ తయారీని ఆపుతుందనీ, అప్పటికే తయారై బయటికొచ్చిన సరుకును వెనక్కి తీసుకోలేదనీ. జబ్బును తగ్గించదు, నొప్పినే తగ్గిస్తుంది, అందుకే వేళ ముఖ్యం అనీ. అది చదివి నా అరగంటలన్నీ వరసగా కళ్లముందు నిలబడ్డాయి. సగం మోతాదు, అదీ సరుకంతా బయటికొచ్చాక. ఆ పైన పనిచేయలేదేమిటని నిన్నే చూసేదాన్ని.

ఇంకొకటుంది. అసలు బరువు అదే.

రెండేళ్ల తరవాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం కదా. రోజుకు మూడూ వేసుకుంటున్నా తగ్గడం లేదని నువ్వు చెప్పావు. నీకు తెలిసినంతలో అది నిజం. ఆవిడ నావైపు తిరిగి "ఐదువందలదేగా?" అంది. నేను తలూపాను. పుస్తకంలో ఒక సున్నా తప్పిపోతే రాత్రంతా నిద్రపోని మనిషిని, తలూపాను. "ఈ మోతాదుకి కూడా లొంగడం లేదంటే లోపల చూడాల్సిందే" అని ఆవిడ ఫైల్లో రాసింది. చూశారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట అంటుకుని ఉంది, ఎడమ అండాశయం మీద చిన్న తిత్తి కూడా. కనిపించినంతా తీసేశారు. నువ్వు ఇంకా మత్తులో ఉన్నావు. డాక్టరమ్మ బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "తొందరగా తీసుకొచ్చారమ్మా. చాలామంది మాత్రలతో ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చి అప్పుడొస్తారు. జాగ్రత్తగల తల్లి" అంది. థాంక్సండీ అన్నాను. నాన్న ఆ మాట చుట్టాలందరికీ చెప్పారు. ఇప్పటికీ చెబుతున్నారు. ఆయనకు నిజం నిన్ననే చెప్పాను. నీ ఉత్తరం తీసి మళ్లీ చదువుకున్నారు. తరవాత "దానికి రాయి" అన్నారు, అంతే.

మా పుస్తకాల్లో తప్పు దొర్లితే వెనక ఒక చీటీ అంటిస్తాం. ఫలానా పేజీ, ఫలానా వరస, ఇలా కాదు ఇలా చదువుకోవాలి అని. ఈ కవరులో ఇంకో కాగితం ఉంది చూడు. నీ ఫైల్లో 'మాత్రలకు లొంగని నొప్పి' అని ఉన్న చోట ఏం చదువుకోవాలో తేదీలతో రాసి సంతకం పెట్టాను. మీ డాక్టరుకు ఇవ్వు. రేపు నీకు ఏ మందు ఎంత ఇవ్వాలో ఆవిడ ఆ వరస చూసే నిర్ణయిస్తుంది. నామీద నీకు ఎంత కోపమున్నా ఇది మాత్రం ఇవ్వు. కడుపులో మంట వచ్చినా, మలం నల్లగా పడినా మాత్ర ఆపి వెంటనే ఆవిడకు చెప్పు. మేనత్త భయంలో నిజమైన భాగం అంతవరకే, దాన్ని నీ దగ్గర ఉంచుకో.

చేత్తో తడిమి బోల్టు వదులైందని చెప్పగలిగే పిల్లవి. ఆ మాత్ర ఎందుకు పెద్దదో నీకు ఈపాటికి తెలిసే ఉంటుందని ఒక అనుమానం. తెలిసి కూడా నీళ్ల మహిమా అని అడిగి, నేను చెప్పుకోవడానికి చోటు వదిలావేమో. అలాగైతే నాకు నీ మీద గర్వం ఇంకా పెరుగుతుంది, నా మీద సిగ్గు కూడా.

క్షమించమని అడగడానికి ముందు ఒక విషయం తేల్చుకుందామని ఇన్ని రోజులు చూశాను. తేలలేదు, అందుకని తేలకుండానే రాస్తున్నాను. చెప్పిన మోతాదు చెప్పిన వేళకు ఇచ్చి ఉంటే, నువ్వు లెక్కల పరీక్ష మధ్యలో లేచి వచ్చేదానివి కాదు. ఆ గచ్చు మీద పడుకునేదానివి కాదు. ఆ రెండేళ్లు నీవి, నేను తీసుకున్నాను. కానీ అప్పుడు నొప్పి తగ్గిందిలే అని ఎవరూ లోపల చూసేవాళ్లు కారేమో, ఆ తిత్తి నీ ఇరవై అయిదో ఏటిదాకా చప్పుడు లేకుండా పెరిగేదేమో. ఈ ఆలోచన నాకు సాకుగా బాగా పనికొస్తుంది, అందుకే దీన్ని నమ్మబుద్ధి కాదు. అబద్ధమని కొట్టేద్దామంటే ఆధారమూ లేదు. నేను చేసింది తప్పని తెలుసు, అందులో సందేహం లేదు. ఆ తప్పు జరగకుండా ఉంటే బాగుండేదని కోరుకోవాలో వద్దో మాత్రం, తల్లీ, నాకింకా తెలియడం లేదు.

ఇట్లు,
మీ అమ్మ