దూది కరవలేదు

చిట్టితల్లికి అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, తాతయ్యా క్షేమం. మీ నర్సింగ్ హాస్టల్లో నువ్వూ క్షేమమని తలుస్తాను. నీ కుక్క దూది సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఈ ఉత్తరం దానికోసమే.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. తాతయ్య చెవి మిషన్ పెట్టుకుంటున్నారు, నేను మాట్లాడేటప్పుడు మాత్రం తీసేస్తున్నారు. నా మోకాలు ఈ వారం మరీ మొండికేసింది. కారణం చివర్లో తెలుస్తుంది.

ఇక మూడోది. "అమ్మమ్మా, దూదిని రోజూ దువ్వుతున్నావా?" అని ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. దువ్వుతున్నానని ప్రతిసారీ రాశాను. నోటుపుస్తకంలో మొదటి పేజీ చూసి సంతకం పెట్టే పంతులమ్మలకు ముప్ఫయ్యేళ్లు చీవాట్లు పెట్టిన హెడ్మిస్ట్రెస్‌ని కదా, దూది దగ్గర నేనూ మొదటి పేజీయే చూశాను. వీపు మీద బ్రష్ ఆడించి, ఫొటో తీసి పంపేదాన్ని. పట్టుకుచ్చులా ఉందని నువ్వు మురిసిపోయేదానివి.

చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద జుట్టు ఉండలు కట్టింది. అది చేతికి తగిలాకైనా నిన్ను అడగాల్సింది. అడిగితే చిన్నతనమనిపించి స్నానం చేయించాను. నానితే చిక్కు విడుతుందనుకున్నాను. తడిసి ఆరేసరికి అంతా కంబళిలా బిగిసింది. ఆ మర్నాడే దానికి పొగరెక్కిందనీ, నన్ను కరిచిందనీ నీకు రాశాను.

నీ జవాబు వచ్చింది. "నీకేమైనా అయితే ఎలా అమ్మమ్మా? ఏడ్చి ఏడ్చి నిర్ణయించుకున్నాను. నెలాఖరుకి నా స్నేహితురాలు వచ్చి దూదిని తీసుకెళ్లిపోతుంది" అన్నావు. నోరు మూసుకుంటే నా పరువు నిలిచేది. కుక్క ఎలాగూ సాక్ష్యం చెప్పదు.

బుధవారం దాన్ని కుక్కలకు జుట్టు కత్తిరించే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. కరుస్తుంది, జాగ్రత్త అన్నాను. ఆవిడ దాని చెవి వెనక వేలు పెట్టి చూసి, "ఎన్నాళ్లనుంచి కరుస్తోందమ్మా?" అని అడిగింది. రెండు వారాలన్నాను.

"అయితే రెండు నెలలు ఓర్చుకుంది" అంది.

కత్తిరించే మిషన్ పెడితే జుట్టంతా ఒకే తోలులా ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది, చంకలో పుండు. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఊరుకునేదాన్ని కాదు.

దూది కరవలేదు తల్లీ. నేను దువ్వెనతో చిక్కు పట్టి లాగాను. నొప్పి తాళలేక నా చేతిని పళ్ల మధ్య పట్టుకుని, వెంటనే వదిలేసింది. గాటైనా పడలేదు. నీకు పంపిన ఫొటోలో నా చేతికి కట్టు ఉంది చూడు, దాని కింద ఏమీ లేదు. కట్టు కట్టుకుంటుంటే తాతయ్య చూశారు. చెవులు లేకపోయినా ఆయనకు కళ్లున్నాయి.

నీ స్నేహితురాలిని రావద్దని చెప్పు. దూదిని ఇంట్లోంచి పంపాల్సిన తప్పు అది చేయలేదు.

పుండు మానుతోంది. నన్ను చూస్తే మాత్రం మంచం కిందికి పోతోంది. రోజూ పొద్దున దువ్వెన పక్కన పెట్టుకుని, ఆ మంచం దగ్గర నేలమీద కూర్చుంటున్నాను. దువ్వను. ఊరికే కూర్చుంటాను. మోకాలి కోపం అందుకే. నిన్న దూది ముక్కు బయటపెట్టి, దువ్వెనను వాసన చూసి, మళ్లీ లోపలికి పోయింది.

ఫొటో జత చేస్తున్నాను. బోడిగా ఉంది, గుర్తుపట్టలేవేమో. ఈసారి పొట్టవైపు నుంచి తీయించాను.

ఇట్లు,
వీపు మాత్రమే దువ్విన
నీ అమ్మమ్మ